వేలాడే చెయ్యికి కూలి ఎవరిస్తారు?

మదనపల్లె టమోటా మార్కెట్టుకు సరుకు చీకట్లోనే బయలుదేరుతుంది. ట్రాక్టర్లు, ఆటోలు, మినీ లారీలు, వెనక సీటుకు క్రేట్లు కట్టిన మోటారు సైకిళ్లు అన్నీ ఒకే రోడ్డు మీద పోటీ పడతాయి. సరుకుతో పాటు కూలీలూ వాటి మీదే. కిందటి ఏడు అలా వస్తున్న ఒక కూలి యువకుడిని వెనక నుంచి లారీ తగిలి పడేసింది. తల పగల్లేదు, కాలు విరగలేదు. కుడి భుజం నేలకు కొట్టుకుంది, మెడ అవతలి పక్కకు విరుచుకుపోయింది. ఆస్పత్రిలో కాలర్ బోన్ విరిగిందని కట్టు కట్టి, ఆరు వారాల్లో అతుక్కుంటుందని పంపించారు. ఎముక అతుక్కుంది కూడా. చెయ్యి మాత్రం తాడుకు కట్టి వేలాడదీసినట్టు ఉండిపోయింది.

ఆయన భార్య మా సంఘం ఆఫీసుకు వచ్చింది చెయ్యి సంగతి చెప్పడానికి కాదు. ప్రమాదానికి ముందు చేసిన పన్నెండు రోజుల కూలి మండీ వ్యాపారి ఎగ్గొట్టాడని చెప్పడానికి. మాటల మధ్యలో, "సెయ్యి ఉండాది గానీ అన్నా, ఆయన మాట ఇనడం లేదు. నరం తిమ్మిరెక్కింది, అదే వస్తాదిలే అంటా ఉండారు అందురూ" అంది. ఎన్నాళ్లయిందమ్మా అంటే రెండు నెలలు దాటింది అంది. కూలి బాకీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆయన్ని పిలుచుకొని రా అన్నాం. అప్పటికి ఈ దెబ్బ గురించి మాకు తెలిసింది కొంచెమే. దీనికి గడువు ఉంటుందని మాత్రం తెలుసు. ఆ కొంచెం తెలియడానికి కూడా అంతకు ముందు ఒక మనిషి చెయ్యి పోవలసి వచ్చింది. ఆ సంగతి కింద రాస్తాం.

మెడ నుంచి వేళ్ల దాకా

చెయ్యి ఎత్తాలన్నా, మడవాలన్నా, పిడికిలి బిగించాలన్నా ఆజ్ఞ వెన్నుపాము నుంచి రావాలి. మెడ దగ్గర వెన్నుపాము నుంచి ఒక్కో పక్కకు అయిదు నరాల మొదళ్లు బయటికి వస్తాయి. అవి కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి, కాలర్ బోన్ కిందుగా చంకలోకి దిగి, అక్కడి నుంచి చెయ్యంతా పాకుతాయి. డాక్టర్లు ఈ అల్లికను బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. పై రెండు మొదళ్లు ముఖ్యంగా భుజం ఎత్తడానికి, మోచెయ్యి మడవడానికి. కింది రెండూ అరచేతికీ, వేళ్లకూ. నడిమిది మోచెయ్యి, మణికట్టు చాపడానికి.

బోరు దగ్గర కాపలా పడుకునే కూలికి ఇది అర్థం కాని విషయమేమీ కాదు. స్టార్టరు డబ్బా నుంచి మోటారుకు కేబులు పోతుంది. మధ్యలో తెగితే అతుకు వేస్తారు. డబ్బాలోంచే ఊడి వస్తే అతకడానికి ఆ చివర ఏమీ మిగలదు, పక్క లైను నుంచి కనెక్షను తెచ్చుకోవాలి. నరం సంగతీ అంతే. అయితే రాగి తీగకు లేని ఒక మంచి గుణం నరానికి ఉంది. తెగకుండా సాగి మాత్రమే ఊరుకుంటే, వారాల్లోనో నెలల్లోనో తనంతట తానే కోలుకోవచ్చు. పల్లెల్లో "అదే వస్తాది" అనే మాట పుట్టింది ఇక్కడే. కొందరికి నిజంగానే వస్తుంది. మిగతా వారిని ముంచేది కూడా ఆ మాటే.

మోటారు సైకిలు మీంచి పడినప్పుడు తల ఒక పక్కకు, భుజం ఇంకో పక్కకు లాగుకుపోతాయి. ముందుగా పై మొదళ్లు తెగుతాయి. దెబ్బ ఎక్కువైతే అయిదూ. పై మొదళ్లు మాత్రమే పోతే చెయ్యి ఒంటికి అంటుకొని, లోపలికి తిరిగి, అరచెయ్యి వెనక్కు చూస్తుంది. ఆఫీసుల్లో చూపు ఎటో పెట్టి వెనక చెయ్యి చాపి మామూలు పుచ్చుకునే మనిషిని గుర్తు తెచ్చుకోండి, సరిగ్గా అదే వాటం. ఈ రకం దెబ్బను జర్మనీలో ఎర్బ్ అనే వైద్యుడు 1874లో వర్ణించాడు. స్విట్జర్లాండులో నారకాస్ అనే సర్జను పద్దెనిమిదేళ్ల పాటు చూసిన వెయ్యిమందికి పైగా రోగుల లెక్క 1985లో ప్రకటించాడు. నూటికి సుమారు 70 మంది రోడ్డు ప్రమాదాల వాళ్లే. వారిలో మళ్లీ నూటికి 70 మంది సైకిళ్లు, మోటారు సైకిళ్ల మీద పోయేవాళ్లు. అక్కడి రోడ్లూ, అక్కడి బండ్లూ మనవి కావు. మన దగ్గర ఒక బండి మీద ముగ్గురు కూలీలు, మధ్యలో ఒక క్రేటు.

చింతచెట్టు, గడ్డి మిషను

పుంగనూరు పక్క చింతకాయల కాలంలో చెట్లను గుత్తకు తీసుకుంటారు. గుత్తదారు నేల మీద ఉంటాడు, దులిపేవాడు చిటారు కొమ్మన ఉంటాడు. ముందు చెప్పిన మనిషి ఈయనే. కాలు జారి పడుతూ చేతికందిన కొమ్మను పట్టుకున్నాడు. ఒళ్లంతా ఆ ఒక్క చెయ్యి మీద వేలాడింది. అందువల్ల ప్రాణం దక్కింది. కానీ చెయ్యి తల పైకి అంత బలంగా లాగుకుపోతే కింది మొదళ్లు తెగుతాయి. భుజం ఎత్తగలడు, మోచెయ్యి మడవగలడు, వేళ్లు మాత్రం గద్ద గోళ్లలా ముడుచుకుపోయి పట్టు లేదు. ఆ పక్క కంటి రెప్ప కొంచెం వాలింది, నల్లగుడ్డులోని పాప చిన్నదయింది. చెట్టు మీంచి పడినవాడి కన్ను ఎందుకు వాలిందో ఊళ్లో ఎవరికీ తెలియలేదు. దిష్టి అన్నారు, గాలి అన్నారు, ఆ చెట్టు మంచిది కాదన్నారు. కంటికి పోయే ఒక సన్నని నరం ఆ కింది మొదలు పక్కగానే బయటికి వస్తుంది. రెప్ప వాలిందంటే నరం వెన్నుపాము దగ్గరే ఊడిందని అనుమానించాలి. 1885లో పారిస్‌లో క్లుంప్కె అనే వైద్య విద్యార్థిని ఈ సంగతి రాసింది. ఆడవాళ్లను పెద్దాస్పత్రుల్లో హౌస్ సర్జన్లుగా చేర్చుకోవడానికే ఒప్పుకోని రోజులవి.

ఈయన మా దగ్గరికి వచ్చేసరికి రెండేళ్లు దాటింది.

కుప్పం వైపు మూడో తీరు చూశాం. పాడి ఆవులు పెరిగిన కొద్దీ కరెంటుతో గడ్డి కోసే మిషన్లు వచ్చాయి. ఒక మోతుబరి రైతు పాకలో మిషనుకు గడ్డి అందిస్తున్న కూలి తల్లి పైట కొంగు చక్రంలో చిక్కుకుంది. కొంగుతో పాటు చెయ్యి లోపలికి గుంజుకుపోయింది. కరెంటు ఆపేసరికి రెండు వేళ్లు నలిగాయి. అందరూ వేళ్ల నెత్తురే చూశారు, భుజం దగ్గర లోపల తెగింది ఎవరూ చూడలేదు. వేళ్లు మానాక "ఇంకా పనికి రాలేదేం?" అని కబురు పంపారు. చక్రానికి మూత లేదు. "నీ కొంగు నువ్వు చూసుకోకపోతే నేనేం చేసేది?" అని యజమాని అడిగాడట. ఈ ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది. దానికి తర్వాత వద్దాం.

రోజుకు ఒక మిల్లీమీటరు

నరాన్ని అతికిన చోటు నుంచి అది కొత్తగా పెరగాలి. పెరిగే వేగం రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు, అంటే నెలకు ఒక అంగుళం. మెడ నుంచి మోచెయ్యి మడిచే కండ దాకా ఒక అడుగు. పన్నెండు అంగుళాలకు పన్నెండు నెలలు. వేళ్ల దాకా అయితే రెండేళ్లు. ఈలోపు కండ ఏం చేస్తుంది? కరెంటు లేని మోటారు బావిలో తుప్పు పట్టినట్టు ఎండిపోతుంది. ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం వచ్చి చేరినా కండ అందుకోలేదు. అందుకే మొదటి మూడు నెలల్లో, మహా అయితే ఆరు నెలల్లో ఆపరేషను జరగాలని సర్జన్లు చెబుతారు. కత్తి, కొడవలి లాంటి వాటితో భుజం దగ్గర తెగితే అంత కూడా ఆగరు, రోజుల్లోనే చేస్తారు.

మూడు నాలుగు వారాలకు చెయ్యి కదలకపోతే విద్యుత్ పరీక్షతో నరం ఎంతవరకు బతికి ఉందో చూస్తారు. మెడకు ఎం.ఆర్.ఐ. తీస్తారు. మొదలు ఊడిందా, దారిలో తెగిందా అన్నది అక్కడ తేలుతుంది. దారిలో తెగితే కాలి పిక్క వెనక నుంచి ఒక చర్మపు నరాన్ని తీసి మధ్యలో అతుకుతారు. కాలికి పోయేది కొంచెం స్పర్శ మాత్రమే, నడక పోదు. మొదలే ఊడితే పక్క లైను వెతుకుతారు. భుజాలు ఎగరేసే కండకు పోయే నరం ఒకటి, పక్కటెముకల మధ్య ఊపిరికి పనిచేసే నరాలు కొన్ని తెచ్చి చేతి నరానికి కలుపుతారు. వేళ్లు బాగున్నవారికి వేళ్ల నరంలోంచే ఒక పోగు విడదీసి మోచెయ్యి కండకు ఇస్తారు. ఈ పద్ధతిని 1994లో ప్రకటించినది ఫ్రెంచి సర్జను క్రిస్టోఫ్ ఒబర్లిన్. పాలస్తీనా గాజాకు అనేకసార్లు వెళ్లి అక్కడి వాళ్లకు ఆపరేషన్లు చేసిన మనిషి ఈయనే. 1960ల దాకా పూర్తిగా పడిపోయిన చేతిని మోచెయ్యి పైన కోసేయడమే మేలని పెద్ద పెద్ద దేశాల్లోనే అనుకునేవారు. అంటే ఈ వైద్యం మన కళ్ల ముందు పుట్టి పెరిగిందే.

దీన్ని అన్నిచోట్లా చేయరు. వేలూరు సి.ఎం.సి., కోయంబత్తూరు గంగా ఆస్పత్రి, హైదరాబాదు నిమ్స్ ఇలాంటి పని చేసినవే. వేలూరుకు ఇందులో పాత పేరు ఉంది. కొల్లి కొండల్లో పుట్టిన పాల్ బ్రాండ్ అనే సర్జను 1948 నుంచి అక్కడ కుష్ఠు రోగుల ముడుచుకుపోయిన చేతులకు ఒక కండరపు తాడును మరో చోటికి మార్చి వేళ్లు పనిచేయించాడు. నరం గడువు దాటినవారికి ఇప్పటికీ కొంత మేలు చేసేది ఆ తాడు మార్పిడి పద్ధతే. చింతచెట్టు మనిషిని దానికే పంపాం. చెంబు పట్టుకోగలుగుతున్నాడు. చెట్టు ఎక్కలేడు.

ఒకనాడు దక్షిణాది నుంచి క్షయ రోగులు మదనపల్లె పక్కన ఆరోగ్యవరానికి గాలి మార్పుకూ, వైద్యానికీ వచ్చేవారు. ఇప్పుడు మన చేతులు పట్టుకొని మనం రాష్ట్రాలు దాటుతున్నాం.

గడువు ఎక్కడ కరిగిపోతుంది?

పుత్తూరు కట్టు మన జిల్లాలో పుట్టింది. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ, ఇంతే. ఎముక విరిగితే పేదవాడు అటే నడుస్తాడు. చౌక, మాట మర్యాద, పడకల ఖర్చు లేదు. దాన్ని ఎగతాళి చేసేవాళ్లతో మేము లేము. కానీ కట్టు ఎముకకు. నరానికి ఏ కట్టూ లేదు, మాత్ర లేదు, నూనె లేదు. పుత్తూరులోనైనా పెద్దాస్పత్రిలోనైనా ఎముక అతికాక కూడా చెయ్యి లేవకపోతే "ఇది ఎముక పని కాదు" అని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేవారు లేక నెలలు పోతున్నాయి. ఇంకో మూడు వారాలు చూద్దాం, పండగ కానీ, పంట డబ్బు రానీ అంటూ మరికొన్ని. బెంగళూరు పోవాలంటే తోడు ఒకరు పనికి ఎగనామం పెట్టాలి. తోడు కూలి ఎవరిస్తారు? వైద్యశాస్త్రం ఆరు నెలలంటే, కూలివాడి చేతిలో ఉండేది నిజానికి అందులో సగం.

రోడ్డు ప్రమాదాలకు 2025 మేలో కేంద్రం నగదు లేని వైద్యం పథకం ప్రకటించింది. లక్షన్నర రూపాయల దాకా, ప్రమాదం జరిగిన మొదటి ఏడు రోజులకు. ప్రాణం నిలపడానికి అది మంచిదే. నరం ఆపరేషను వచ్చేది మాత్రం మూడో నెలలో. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉన్నవారు ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను ముందే పట్టుకొని, ఈ ఆపరేషనుకు ఏ ఆస్పత్రిలో అనుమతి వస్తుందో అడిగి రాయించుకోవాలి. చేరాక అడిగితే బిల్లు మీదే పడుతుంది.

ఎదురు చూసే రోజుల్లో ఇంట్లో చేయవలసింది ఒకటుంది. బరువుకు భుజం కీలు జారకుండా గుడ్డ ఉయ్యాల కట్టాలి. రోజూ నాలుగైదు సార్లు బాగున్న చేత్తో పడిపోయిన చేతి ప్రతి కీలునూ, ప్రతి వేలినీ మెల్లగా చివరిదాకా మడిచి చాపాలి. కీళ్లు బిగుసుకుపోతే ఎంత గొప్ప ఆపరేషనూ దండగే. స్పర్శ లేని చెయ్యి పొయ్యి సెగ తగిలినా చెప్పదు, బీడీ కాలినా చెప్పదు. రోజూ కంటితో చూసుకోవాలి.

నొప్పి సంగతి. స్పర్శ లేని చేతికి నొప్పి ఏమిటని నవ్వేవాళ్లున్నారు. మొదలు ఊడినవారికి మంట, కరెంటు కొట్టినట్టు పోట్లు రాత్రింబవళ్లు ఉంటాయి. మామూలు నొప్పి మాత్రలకు తగ్గవు. చింతచెట్టు మనిషి రెండేళ్లు దాన్ని సారాతో అణచాడు. ఊరు ఆయనకు తాగుబోతని పేరు పెట్టింది. గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు ఈ నరాల నొప్పికే ఉన్నాయి. డాక్టరు రాయాలి, తానుగా కొనకూడదు.

కాగితంలో లేనిది కోర్టులో లేదు

1923 నాటి పరిహార చట్టంలో గాయాల పట్టిక ఉంది. భుజం కీలు దగ్గర చెయ్యి తెగితే సంపాదన శక్తి 90 శాతం పోయినట్టు. పట్టిక కింద ఒక చిన్న గమనిక ఉంది, మన కార్యకర్తలు కంఠస్థం చేయవలసింది అదే. ఏ అవయవమైనా ఉండి, దాని వాడకం పూర్తిగా, శాశ్వతంగా పోతే, అది తెగిపోయినదానితో సమానం. "చెయ్యి ఉంది కదా" అనే యజమాని వాదం అక్కడితో సరి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టాన్ని సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు. కోడ్‌లను మనం వ్యతిరేకిస్తున్నాం, అది వేరే పోరాటం. అందాకా పరిహారం అడిగే హక్కు వదులుకోము.

ట్రాక్టరుతోగానీ, కరెంటు యంత్రంతోగానీ చేసే వ్యవసాయం ఆ చట్టం పట్టికలో ఉంది. కాబట్టి గడ్డి మిషను తల్లి అందులోకి వస్తుంది. లారీకి సరుకు ఎత్తి దించే హమాలీ వస్తాడు. ఒట్టి చేతులతో కలుపు తీసేవాళ్ల మాట ఆ అంశంలో లేదు. దేశంలో ఎక్కువమంది చేసే పని చట్టం కంటికి ఆనలేదు! కొంగు చూసుకోలేదన్న మాటకూ జవాబు ఉంది. తాగి ఉండడం, భద్రత నియమాన్ని కావాలని మీరడం, రక్షణ మూతను కావాలని తీసేయడం, ఇవే యజమాని చెప్పుకోదగిన సాకులు. పరధ్యానం సాకు కాదు. ఇక్కడ తీయడానికి మూతే లేదు.

లెక్క చూడండి. వయసు 30, నెల కూలి 9,000 రూపాయలు అనుకుందాం. అందులో 60 శాతం 5,400. ఆ వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 207.98. రెండూ గుణిస్తే 11,23,092 రూపాయలు. దానిలో 90 శాతం పది లక్షల పైచిలుకు. ఆ తల్లికి పెద్దమనుషుల పంచాయతీలో ఇస్తామన్నది ఇరవై వేలు. ఆమె వేలిముద్ర వేయబోతుండగా మా కార్యకర్త వెళ్లి ఆపాడు. రెండేళ్ల లోపల దరఖాస్తు పెట్టాలి, కార్మిక శాఖ అధికారి దగ్గర పెట్టాం. ఆడకూలి అని రోజు కూలి తక్కువ ఇస్తారు కాబట్టి పరిహారమూ ఆ మేరకు తగ్గుతుంది. ఒకే పనికి ఒకే కూలి అనే మన పాత డిమాండు చివరికి చెయ్యి పోయాక కూడా అడ్డం వస్తోంది.

రోడ్డు ప్రమాదమైతే మోటారు వాహనాల ట్రిబ్యునలుకు పోవాలి. అక్కడ శాతాల పేచీ వస్తుంది. డాక్టరు 60 శాతం వైకల్యం అని రాస్తే ఇన్సూరెన్సు వకీలు సంపాదన కూడా 60 శాతమే పోయిందంటాడు. రాజ్ కుమార్, అజయ్ కుమార్ కేసులో 2010 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ లెక్కను తప్పన్నది. ఎడమ చెయ్యి తెగిన గుమాస్తాకు ఉద్యోగం నిలవొచ్చు, అదే డ్రైవరుకో వడ్రంగికో దాదాపు నూరు శాతం పోయినట్టే అని ఉదాహరణ ఇచ్చింది. కూలివాడి సంగతి వేరే చెప్పాలా? కేసు పెట్టడానికి 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. దాని మీద సుప్రీంకోర్టులో వాదం నడిచింది, మనం మాత్రం ఆ వాదాన్ని నమ్ముకొని ఆగకూడదు.

వీటన్నిటికీ ముందు, మొదటి రోజు ఆస్పత్రి కాగితం. అందులో "కాలర్ బోన్ విరిగింది" అని మాత్రమే ఉంటే, చెయ్యి ప్రమాదంలో పోయిందని రుజువు చేయడానికి తల ప్రాణం తోకకొస్తుంది. చెయ్యి ఎత్తలేకపోతున్నాడు, వేళ్లు కదలడం లేదు, స్పర్శ లేదు అని అదే రోజు డాక్టరు చేత రాయించాలి. పోలీసు కేసు నమోదు చేయించాలి. 40 శాతం దాటిన వైకల్య సర్టిఫికెట్టుకు రాష్ట్రంలో 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. అది పరిహారానికి బదులు కాదు.

మదనపల్లె యువకుడికి నాలుగో నెలలో పక్క రాష్ట్రంలో ఆపరేషను జరిగింది. అయిదు మొదళ్లలో నాలుగు వెన్నుపాము నుంచి ఊడిపోయాయన్నారు. పక్కటెముకల నరాలు తెచ్చి మోచెయ్యి కండకు కలిపారు. వేళ్ల మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరు ముఖం మీదే చెప్పాడు, ఆ నిజాయితీ మాకు నచ్చింది. దారి ఖర్చులకు మార్కెట్టు హమాలీలు తలా కొంత వేశారు. తర్వాత ఏడు నెలలు ఏమీ లేదు. రోజూ ఊపిరి బిగబట్టి మోచెయ్యి మడవడానికి ప్రయత్నించమన్నారు, చేస్తూ పోయాడు. పోయిన నెల ఆమె ఫోను చేసింది.

"అన్నా, ఆయన దగ్గితే మోచెయ్యి ఎగురుతా ఉండాది. పిల్లోళ్లు ఊరికే దగ్గు నాయినా, దగ్గు నాయినా అని ఆట పట్టిస్తా ఉండారు."

ఊపిరి నరం కదా, మొదట దగ్గుకే పలుకుతుంది. దగ్గకుండా మడవడం ఇక నేర్చుకోవాలి, ఏడాది పట్టొచ్చు. ట్రిబ్యునలులో కేసు వాయిదాల మీద ఉంది. మండీ వ్యాపారి దగ్గర పన్నెండు రోజుల కూలి ఇంకా రాలేదు. సోమవారం మళ్లీ పోతున్నాం.